స్వామిని పస్తుంచని చెయ్యి

మా వదినగారు పోయారు. ఈ శ్రావణంలో, తెల్లవారుతూండగా, స్వామి నైవేద్యానికి బియ్యం కడుగుతూ వంటింటి గోడకి చేరగిలబడి, మళ్ళీ లేవలేదు. కబురు విన్న బంధువులు "వైకుంఠం చేరుకున్నారు" అన్నారు. జీవితమంతా వేణుగోపాలస్వామి ఎదుటే నిలబడ్డ మనిషి కొత్తగా చేరుకోవలసిన చోటు ఏదీ లేదని నా అభిప్రాయం. "పాపం, శాంతమూర్తి" అన్నవారు కూడా ఉన్నారు. ఆవిడ శాంతమూర్తి కారు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చీపురుపల్లి స్టేషనులో దిగి, ఆటోలో పొలాల మధ్యగా వెళితే వచ్చే చిన్న ఊరు మాది. అక్కడి గుడికి మా అన్నయ్య అర్చకుడు. పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయాక, గర్భగుడి గడప పక్కన పీట మీద కూర్చుని అతను మంత్రం చెప్పేవాడు. లోపల స్వామిని మేల్కొలిపి, నిన్నటి పూలు తీసి, స్నానం చేయించి, గంధం అద్ది, పంచె కట్టేది వదిన. గొంతు మగవాడిది కాబట్టి చేతులు ఎవరివని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం రాకుండా సర్దుకోవడం మన సమాజానికి బాగా వచ్చిన విద్య.

ఉద్యోగ విరమణ తరవాత నేను ఆ ఇంట్లోనే నా వాటాలో, నా వంట నేను వండుకుంటూ ఉంటున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పిన దాన్ని కాబట్టి ఆవిడ నన్ను వేళాకోళం చేసేవారు: "లెక్చరరుగారూ, మీ గంట కొడితే జనం పారిపోయేవారు. నా గంట కొడితే వస్తారు." పుష్యమాసంలో స్వామి స్నానానికి నీళ్ళు గోరువెచ్చగా కాచి, మోచెయ్యి ముంచి చూసుకునేవారు, పసిబిడ్డకి చూసినట్టు. నైవేద్యం వండేటప్పుడు రుచి చూడకూడదు కదా. నివేదన అయ్యాక ప్రసాదం తొలి ముద్ద తానే నోట్లో వేసుకుని, ఉప్పు తక్కువైతే విసవిసా గడప దాకా వెళ్ళి దెబ్బలాడేవారు. "చప్పగా ఉందని ఒక్కమాట చెప్పకూడదూ? అన్నీ నేనే కనిపెట్టాలా?" స్వామి చిరునవ్వు మారేది కాదు. "చూశావా, మీ అన్నయ్య లాగే. పెట్టింది తినడమే గాని మాట్లాడడు" అనేవారు నాతో.

వదినకంటే కొన్నేళ్ళ ముందే అన్నయ్య పోయాడు. మైల తీరేదాకా పక్క ఊరి అర్చకుడు వచ్చి పూజ చేశాడు. ఆయనకి అప్పటికే వేరే గుళ్ళున్నాయి. మా స్వామి వంతు వచ్చేసరికి ఎండ దిగిపోయేది. మైల తీరిన మర్నాడు వదిన తలస్నానం చేసి, దధ్యోదనం కలిపి, గిన్నె మీద తడిబట్ట కప్పుకుని గుడికి వెళ్ళారు. గర్భగుడికి తాళం వేసి ఉంది. గుడి కమిటీ పెద్ద మెట్ల మీద నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"అమ్మగోరూ, తమరు లోపలికెల్తే ఊరికి అరిస్టమంటన్నారండి. అందులోనూ బాబుగోరు పోనారు గదా…"

నేను ముందుకు వచ్చి నాలుగు మాటలు అనబోయాను. వదిన చెయ్యి అడ్డం పెట్టారు. "లెక్చరరుగారూ, మీరు కూర్చోండి. ఇది మీ క్లాసు కాదు." తరవాత అతనితో, "ఒరే నాయనా, తాళం నీది. ఆకలి ఆయనది. నేను కూర్చుంటాను" అన్నారు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని గడప ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటింది. మా ఊళ్ళో పొలంలో ఉన్నవాళ్ళు స్వామి నివేదన గంట విన్నాకే సద్దిమూట విప్పుతారు. టైము తెలియక కాదు, సెల్‌ఫోన్లు అందరికీ ఉన్నాయి. ముందు ఆయన, తరవాత మనం. అంతే. అవి ఊడ్పుల రోజులు. మైల రోజులన్నీ ఆలస్యంగా తిని విసిగి, ఆ రోజూ గంట వినబడక, మళ్ళలో నాట్లు వేస్తూ వంగి వంగి నడుములు పడిపోయిన ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతోనే గుడి ముందుకు వచ్చేశారు.

"ఏటండీ పెద్దలూ! పొద్దు నడినెత్తి దాటిపోనాది, గంట నేదు. మేమెప్పుడు తింతాం?" అంది ముందున్నామె.

"పక్కూరి పంతులుగోరు వస్తన్నారు, ఉండండెహె."

"ఈ యమ్మ గిన్నెట్టుకుని కూకున్నాది గదా. ఆయనెందుకు?"

"ఆడమనిసి సామిని ముట్టుకోకూడదే!"

"ఓలమ్మో! ఈ యమ్మ వండింది సామి తినొచ్చు గానీ, ఈ యమ్మ పెట్టకూడదేటి? మీ ఇంట్లో మీ ఆడది వండితే పక్కింటాయనొచ్చి వడ్డిస్తన్నాడేటి?"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. కమిటీ పెద్ద చెవులు ఎర్రబడ్డాయి. మొలలోంచి తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టి, "నాను మడికి నీరు కట్టుకోడానికెల్తన్నాను. ఇక్కడేటీ సూడ్నేదు" అని గబగబా వెళ్ళిపోయాడు. వదిన తాళం తీశారు. ఆ రోజునుంచి మంత్రమూ ఆవిడదే, చెయ్యీ ఆవిడదే. ఊరికి ఏ అరిష్టమూ రాలేదు. వస్తే నేను రాసి ఉండేదాన్ని.

ఆ తరవాత ఒకసారి, గుడి గిన్నెలు చింతపండుతో తోముతూ నాతో అన్నారు: "నేను పోయిన్నాడు ఊళ్ళో శవం ఉందని గుడి తలుపు తియ్యరు. ఇంతా చేసి నా మూలానే ఆయన పస్తుండాలా? నన్ను తొందరగా పంపించెయ్యి. ఎవరి కోసమూ ఆగకు. మాట ఇయ్యి." ఇచ్చాను.

ఆ మాట నిలబెట్టవలసిన ఉదయం వచ్చింది. సాలూరు నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేశారు. బయల్దేరారట, బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆగమన్నారు.

"ఆగడానికి వీల్లేదండీ. మీ అక్కగారు వద్దన్నారు."

"చివరి చూపు కూడా దక్కనివ్వరా? మీరసలు మనిషేనా?"

"స్వామి ఇంకా స్నానం చెయ్యలేదు" అన్నాను.

ఫోనులో ఆయన ఏడుపు నాకు వినబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు, "ఒక్క పూట, అమ్మగోరూ, రాతిబొమ్మకి ఏటయిపోతాది?" అన్నారు. రాతిబొమ్మ అయితే ఆవిడ మోచెయ్యి ముంచి నీళ్ళెందుకు చూశారని అడిగాను. అన్నయ్యకి పిల్లలు లేరు కాబట్టి మా పెదనాన్నగారి మనవడు కుండ పట్టుకున్నాడు. రైతులు పాడె ఎత్తారు. ఆడవాళ్ళు రాకూడదన్నారు, పొలిమేర దాకా నడిచాను. ఆ తమ్ముడు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఆయన దుఃఖం న్యాయమైనదే. నేను చేసినదీ న్యాయమైనదే.

పొలిమేర నుంచి తిరిగి వచ్చి, బోరింగు దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకుని, తడిచీరతో గుడి గోడ వెనక వీధిలో నిలబడ్డాను. మైలదాన్ని, లోపలికి వెళ్ళకూడదు. కబురు పెడితే వచ్చిన పక్క ఊరి అర్చకుడు తలుపు తీశాడు. కాసేపటికి బయటికి వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, నిన్న సాయంత్రం ఆవిడ అద్దిన గంధం స్వామి గుండె మీద ఆరి ఉంది. వేళ్ళ అచ్చులు అలాగే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?"

"ఉంచెయ్యండి పంతులుగోరూ, ఇయ్యాల్టికి" అన్నారెవరో.

నేను ఆ అచ్చులు చూడలేదు. ఇక చూడను కూడా. "కడిగెయ్యండి" అన్నాను. "ఆవిడ నిన్నటి గంధం మీద ఇవాళ్టి పూజ ఏనాడూ చెయ్యలేదు."

ఆయన లోపలికి వెళ్ళాడు. చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. గోడలోని రాతి తూములోంచి ముందు ఉత్త నీళ్ళు వచ్చాయి, తరవాత పల్చటి పాలలా గంధం నీళ్ళు. మట్టిలో దారి చేసుకుంటూ నా వైపే వస్తున్నాయి. "అమ్మగోరూ, మైల… జరగండి" అంది వెనకనుంచి ఒకామె.

నేను జరగలేదు.