మూడు ఖాళీ పూటలు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, కార్తీకమాసం రద్దీ ముగిసిన వారంలో, భిలాయి నుంచి వచ్చిన ఒక ఫైలు నా బల్ల మీదకి చేరింది. అప్పటికి నేను రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో సీనియర్ టూర్ ఆఫీసరుని. ఉభయ గోదావరి జిల్లాల్లో ఏ కారు ఏ పూట ఏ ఊళ్ళో ఉండాలో నిర్ణయించే అధికారం నాది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నాలుగువేల ప్లాన్లు వేశాను.

ఇక్కడ కాస్త సర్దుకోవాలి. ఆ నాలుగువేలలో మూడొంతులు ఒకే పాపికొండల షీటు. పేర్లు మార్చి మళ్ళీ ప్రింటు తీసినవి. సీనియర్ అన్నమాట నిజమే గాని, జూనియర్ అంటూ ఎవరూ లేరు. యజమాని గుప్తా గారు, నేను, కంప్యూటరు దగ్గర ఒక అమ్మాయి. అదీ మా ఆఫీసు.

ఫైలు పంపినాయన రామలింగం గారు. స్టీలు ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు. భార్య కామేశ్వరి గారు స్కూలు టీచరు. ఆయనది రాజమండ్రి, ఆవిడది కాకినాడ. ముప్పై అయిదేళ్ళు భిలాయిలో ఉండి, ఇప్పుడు క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. రెండు ఊళ్ళలో ఏదో ఒకచోట స్థిరపడాలి. ఏ ఊరన్నది ఈ ఆరు రోజుల సెలవులో తేల్చుకోవాలనుకున్నారు. ఆయన స్కేలు పెట్టి గీసిన గళ్ళలో కోరికలన్నీ రాసి పంపారు. రెండు నగరాలు, చుట్టుపక్కల పల్లెలు, ఎప్పుడైనా మార్చుకునే వీలు. అన్నిటికంటే కింద ఎర్ర సిరాతో: "మూడు పూటలు పూర్తిగా ఖాళీగా ఉంచవలెను. మేము వస్తున్నట్టు బంధువులకు తెలియదు. తెలియనక్కర్లేదు."

మా వృత్తిలో రోజుకి మూడు పూటలు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. బస చేసే ఊరిని బేసు అంటాం. పెట్టెలు గదిలోనే వదిలి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే అది సైడు ట్రిప్పు. ఖాళీ పూట అంటే కారూ డ్రైవరూ సిద్ధంగా ఉంటారు గాని, ఎక్కడికన్నది షీటులో ఉండదు. ఇక మార్చుకునే వీలున్న టూరుకి అసలు కీలకం ఊగే రాత్రి. మొదటి రెండు రాత్రులు రాజమండ్రిలో, చివరి రెండు కాకినాడలో ఖాయం చేసి, మధ్యలో మూడో రాత్రికి రెండు ఊళ్ళలోనూ గది పట్టి ఉంచుతాం. ముందురోజు సాయంత్రం ఆరింటిలోగా ఏదో ఒకటి వదిలేయాలి. ఏ ఊరు నచ్చితే ఆ రాత్రి అటు ఊగుతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది నేనే అని గుప్తా గారి దగ్గర చాలాసార్లు చెప్పుకున్నాను. నిజానికి మా డ్రైవరు సత్తిబాబు ఒకసారి, "రెండు చోట్లా గదులుంచండి సార్, ఎటు మొగ్గితే అటు తీసుకెళ్తాను" అన్నాడు. నేను చేసింది పేరు పెట్టడం.

టూరుకి వారం ముందు రామలింగం గారు ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి, "ఈ మాట మా ఆవిడకి తెలియకూడదండి. కాకినాడ కాస్త బాగా కనపడేట్టు చూడండి" అన్నారు. భార్య పుట్టింటి ఊరి మీద ఎంత అభిమానమో అనుకున్నాను. రెండు రోజులకి కామేశ్వరి గారి ఫోను. "ఆయనకి చెప్పకండేం. రాజమండ్రిని సాయంత్రం పూట, గోదావరి గాలిలో చూపించండి. కాకినాడని మిట్టమధ్యాహ్నం చూపించినా పరవాలేదండి."

ఇంత అన్యోన్యమైన దంపతులని నా సర్వీసులో చూడలేదని ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఆయనకి ఈ ఊళ్ళో అన్నదమ్ములున్నారా?" అని మాత్రం అడిగింది. ఆడవాళ్ళకి వృత్తి రహస్యాలు అర్థం కావని ఊరుకున్నాను.

ఇక మూడు ఖాళీ పూటలు. గుప్తా గారు షీటులో తెల్లటి గడి ఉండనివ్వరు. "ఖాళీ పూటంటే సరుకు లేని అలమరా అండి. చూసినవాళ్ళు మన గురించి ఏమనుకుంటారు?" అనేవారు. కాని తప్పు ఆయన మీదకి నెట్టను. బుర్ర నాదే. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు "వద్దండీ, వద్దండీ" అంటే, వడ్డించేవాడు ఆ మాటని లెక్కలోకి తీసుకోడు. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు కాస్త తగ్గించి వేస్తాడు. ఎర్ర సిరాతో రాసిన "తెలియనక్కర్లేదు" అన్నమాటని నేను విస్తట్లో వద్దులాగే చదువుకున్నాను. పాపం, మొహమాటపడుతున్నారు, మనమే పూనుకోవాలి.

వారి బంధువుల కోసం నేను చేసిన పరిశోధన గురించి గుప్తా గారికి పావుగంట వివరించాను. ఇంటిపేరు పట్టుకుని, వీధులు జల్లెడపట్టి, చివరికి రామలింగం గారి అన్నగారు సోమలింగం గారిని కనుక్కున్నాను. పాఠకులకి నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: సోమలింగం గారిది మా ఆఫీసుకి ఎదురుగా ఉన్న మందుల షాపు. రోడ్డు దాటాను, అంతే. కాకినాడలో కామేశ్వరి గారి అక్కగారి నంబరు కూడా ఆయనే ఇచ్చారు. మూడు గడులూ నిండిపోయాయి. రెండోరోజు మధ్యాహ్నం అన్నగారింట్లో భోజనం. నాలుగోరోజు మధ్యాహ్నం అక్కగారింట్లో భోజనం. అయిదోరోజు ఉదయం అక్కగారి కుటుంబంతో కలిసి పిఠాపురం, కుక్కుటేశ్వరుడి దర్శనం. వాళ్ళకి పంపిన షీటులో మాత్రం ఆ గడులు తెల్లగానే ఉంచాను. సర్‌ప్రైజు కదా.

మొదటిరోజు అంతా సవ్యంగా గడిచింది. రెండోరోజు ఉదయం కడియం సైడు ట్రిప్పు. నర్సరీల్లో రెండు గంటలు తిరిగి, ఇంకా ఇల్లే లేని కామేశ్వరి గారు ఒక సంపెంగ మొక్క కొన్నారని సత్తిబాబు ఫోనులో చెప్పాడు. "కాళ్ళ దగ్గర పెట్టుకున్నారండి. డిక్కీలో పెడతానంటే ఒప్పుకోలేదు."

ఒంటిగంటకి మళ్ళీ సత్తిబాబే. "సార్, హోటలు ముందు పెళ్ళివారు దిగినట్టున్నారండి. పద్నాలుగు మంది. మీరు గాని పంపారా?"

తర్వాత జరిగింది అతను చెప్పగా విన్నదే. సోమలింగం గారు తమ్ముణ్ణి వాటేసుకుని, "ఏంట్రా, సొంత ఊరొచ్చి హోటల్లో దిగుతావా? జనం నా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నారు. అప్పటికే ఇద్దరు అన్నకొడుకులు గదిలోకి వెళ్ళి పెట్టెలు కిందకి దించేశారు. ఇంటికెళ్ళేసరికి కందబచ్చలి కూర, పులిహోర, రెండు రకాల పచ్చళ్ళు. అసలు సంగతి మజ్జిగన్నం దగ్గర బయటపడింది. "మన పైవాటా నీ కోసమే సున్నం వేయించాను. భిలాయి సామానుకి లారీ కూడా మాట్లాడేశాను. అందరం ఒకే కప్పు కింద, ఒకే వంట. ఇంకేం కావాలిరా?"

రామలింగం గారు మూడింటికి నాకు ఫోన్ చేశారు. కోపమేమీ లేదు; అంతకంటే ఇబ్బంది పెట్టే మెత్తదనం. "మా వాళ్ళకి మీరు చెప్పారాండి?"

నేను ధైర్యంగా ఒప్పుకున్నాను అని రాయాలని ఉంది. "ఎవరు చెప్పారో వాకబు చేస్తానండి" అన్నాను.

ఆయన పెద్దగా వినిపించుకోలేదు. "అన్నయ్య మంచివాడండి. అదే బాధ. నేను ఏం తినాలో, ఏ డాక్టరుకి చూపించుకోవాలో, ఏ చొక్కా వేసుకోవాలో అన్నీ ఆయనే చూసుకుంటాడు. పాతికేళ్ళు చూసుకున్నాడు. భిలాయి ఉద్యోగం వచ్చిందంటే ఎందుకు ఎగిరి గంతేశాననుకున్నారు?"

అప్పుడు మా ఆవిడ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

అయిదున్నరకి కామేశ్వరి గారి ఫోను. పెరట్లో నిలబడి మాట్లాడుతున్నట్టు, పక్కన కుళాయి చప్పుడు. "రేపటి రాత్రి కాకినాడకి తిప్పెయ్యండి. రాజమండ్రిలో ఉందామనే నా ఆశ. మా అక్కయ్య ఉన్న ఊళ్ళో ఉంటే నా వంటింట్లో గరిటె కూడా నాది కాదు. కాని ఇక్కడ పైవాటా తప్పించుకోలేం. కాకినాడలో మావాళ్ళకి మేం వస్తున్నట్టు తెలియదు. అదొక్కటే ధైర్యం."

ఆరింటికి ఇంకా అరగంట. రెండు ఊళ్ళ గదులూ నా చేతిలో ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే వాళ్ళు పైవాటా తప్పించుకుని నేరుగా అక్కగారి వంటింట్లోకి వెళ్తారు. ఆ తర్వాత మిగిలిన జీవితమంతా ఏదో ఒకరి ఇంట్లోనే. ఈసారి నిజమే చెప్పాను, సగం కాదు, మొత్తం.

అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు. తర్వాత, "కాకినాడలో ఎంతమందికి చెప్పారండి?" అన్నారు.

"మీ అక్కగారు ఒక్కరికే అమ్మా."

"అయితే కాకినాడంతా చెప్పినట్టే." ఆ వెంటనే, "ఆయన కూడా మీకు విడిగా ఫోన్ చేశారా?"

"ఒకరి విషయం ఇంకొకరికి చెప్పడం మా ఆఫీసు పద్ధతి కాదమ్మా."

"ఆ పద్ధతి మా అక్కయ్యతో మాట్లాడినప్పుడు ఏ సొరుగులో పెట్టారండీ?"

ఆవిడ నవ్వారు. నవ్వితే క్షమించినట్టని అప్పుడు అనుకున్నాను. క్షమించడానికి ఆవిడకి అంత తొందరేమీ లేదని తర్వాత తెలిసింది. "ఇద్దరం ఎవరి వాళ్ళకి వాళ్ళం భయపడుతున్నామన్నమాట. ముప్పై అయిదేళ్ళలో ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు. సరే, మీరే చిక్కు వేశారు, మీరే విప్పండి" అని పెట్టేశారు.

ఆరు కాకముందే ఊగే రాత్రికి పట్టిన రెండు గదులూ వదిలేశాను. ఆ తర్వాతి కాకినాడ గదులు కూడా. గుప్తా గారు నా వైపు ఎలా చూశారో వర్ణించను. కాకినాడ అక్కగారికి ఫోన్ చేసి, ఆఫీసు పొరపాటు వల్ల ప్రోగ్రాం మారిందని, తప్పంతా నాదని చెప్పాను. తప్పంతా నాదే కాబట్టి ఆ అబద్ధంలో అబద్ధం పాలు చాలా తక్కువ. ఆవిడ నా చదువు గురించి, నా పెంపకం గురించి విచారించారు.

మర్నాడు ఉదయం ఆరున్నరకి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలుతో సోమలింగం గారింటికి వెళ్ళాను. టూరు నిబంధనల ప్రకారం పార్టీ ఏడింటికల్లా బయలుదేరి తీరాలన్నాను. అలాంటి నిబంధన లేదు. "ముందు కూర్చోండి, పెసరట్టు తిని మాట్లాడండి" అన్నారు. వద్దన్నాను. వేశారు. గట్టిగా వద్దన్నాను. ఉప్మా కూడా పెట్టి వేశారు. నాలుగో పెసరట్టు దగ్గర, వద్దంటే నిజంగా వద్దనే మనుషులు కూడా ఉంటారని నా కడుపుకి అర్థమైంది.

వాళ్ళు కారెక్కుతుంటే రామలింగం గారికి కొత్త షీటు ఇచ్చాను. అందులో తారీకులు, గీతలు తప్ప ఏమీ లేవు. ఆయన వెనక్కి తిప్పి కూడా చూశారు. సత్తిబాబుకి నేనిచ్చిన ఆదేశం ఒక్కటే: ఎక్కడున్నదీ నాకు చెప్పొద్దు.

తిరిగొచ్చాక అతను చెప్పింది విన్నాను. ఊరు దాటగానే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ద్రాక్షారామం దాకా ఆపలేదట. "మీ అన్నయ్య" అని ఆవిడ, "మీ అక్కయ్య" అని ఆయన, మధ్యలో నవ్వులు. రెండు ఊళ్ళూ చూశారు, కాని నేను చూపించే ఊళ్ళు కాదు. తెల్లవారగానే పాల ప్యాకెట్లు ఏ మూల అమ్ముతారు, కుళాయిలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, మెట్లు ఎంత ఎత్తు, వానొస్తే ఏ వీధి మునుగుతుంది అని అడుగుతూ నడిచారు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు జనానికి సూర్యాస్తమయాలు చూపించాను. ఉండబోయే ఊరిని అలా చూడరని నాకు తట్టలేదు.

ఆరోరోజు సాయంత్రం రైలెక్కే ముందు రామలింగం గారు ఫోన్ చేసి, తేల్చుకున్నామని, ఏ ఊరో చెప్పి, అడ్రసు మాత్రం నా దగ్గరే ఉండాలని అన్నారు. పైవాటా వద్దని అన్నగారికి ఆయనే స్వయంగా మూడుసార్లు చెప్పారట; మూడోసారికి అన్నగారు విన్నారట. ఇప్పుడు నెలకోసారి వీళ్ళే రెండిళ్ళకీ వెళ్ళి, కడుపునిండా తిని, తమ ఇంటికి తిరిగొస్తారు. తమ ఇల్లు ఎక్కడో మాత్రం ఇటువాళ్ళకీ చెప్పలేదు, అటువాళ్ళకీ చెప్పలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్న సంగతే. పార్టీ ఖాళీ పూట అడిగితే ఖాళీ పూటే ఇవ్వాలి. అది మనం నింపడానికి వదిలిన చోటు కాదు. వాళ్ళు అడిగి తీసుకున్న సరుకు. సర్వీసులో మిగిలిన రెండేళ్ళూ ఆ మాట తప్పలేదు. ఒకటి రెండుసార్లు తప్పాను, అవి చిన్నవి.

కడియం సంపెంగ ఇప్పుడు ఒక రెండో అంతస్తు బాల్కనీలో, పెద్ద కుండీలో పూస్తోంది. ఆ ఊరి పేరు ఈ వాక్యంలో రాయాలని చెయ్యి ఎంత లాగుతోందో నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు. కాని సోమలింగం గారు ఇలాంటివి వదలకుండా చదువుతారు. పేర్లు మార్చాను గాని, పెసరట్లు లెక్కపెట్టుకుని నన్ను పోల్చుకోగలరు. అందుకని ఆ ఒక్క చోటూ ఖాళీగానే వదిలేస్తున్నాను.