ఆసిఫాబాద్ ఫోల్డర్‌లో చుట్టాలు

మొన్న మా అన్న కూతురి పెండ్లి కార్డుకు ప్రూఫ్ తీశాను. మూడేళ్ల కింద పోయిన వదిన పేరు ముందు ‘కీ.శే.’ అని నా చేతులతోనే చేర్చాను. ఆ రెండక్షరాలు కొట్టడానికి పొద్దంతా పట్టింది. తీరా కాగితం చేతికి వచ్చాక చూస్తే అవి లేవు. ‘శ్రీమతి’ అని నిండుగా ఉంది. మళ్లీ చేర్చి, మళ్లీ ప్రూఫ్ తీశాను. మళ్లీ లేవు. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమే అయింది.

కరీంనగర్‌లోని మా కార్డుల ప్రెస్సుకు కంప్యూటర్ బుద్ధులు నేర్పింది వదినే. కోడలిగా ఆసిఫాబాద్ నుంచి వచ్చినప్పుడు చీరల పెట్టెలో సగం కంప్యూటర్ పుస్తకాలే తెచ్చుకుంది. మా దగ్గరికి వచ్చే ఒక్కో ఇంటి బంధువుల పేర్లన్నీ ‘చుట్టాలు’ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఇంటింటికీ వేరుగా రాసి పెట్టేది. ఏ పేరు కార్డులో ఎక్కడ, ఎంత పెద్ద అక్షరంతో రావాలో చెప్పే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్ కూడా తనే రాసింది. ఆ స్టైల్‌షీట్ వెళ్లి చుట్టాల ఫైలును తెచ్చుకునే వరుసలో మాత్రం డి డ్రైవు, ఆసిఫాబాద్ ఫోల్డర్, దాంట్లో ‘ఇల్లు’, దాంట్లో ‘చుట్టాలు’ అని పూర్తి చిరునామా ఉండేది. “పక్కన పెట్టుకుని ఉత్త పేరు రాస్తే సరిపోతది గదా వదినె, గింత పొడుగెందుకు?” అంటే నవ్వేది. “మా ఇల్లు ఆసిఫాబాద్‌ల ఉన్నది మరిదీ. ఏడికి పోతది? నువ్వు ఫికర్ చెయ్యకు.” పుట్టింటి మీద బెంగ అట్లా స్టైల్‌షీట్‌లోకి ఎక్కిందని మాకు చాలా రోజులు తెలియలేదు.

ఆ చిరునామా కోసం ఎన్ని కంప్యూటర్లు మార్చినా పాత డిస్కునే డి డ్రైవుగా బిగించుకుంటూ వచ్చాం. ఒకసారి ఆ డిస్కు వైరు ఊడింది. కార్డులో పెండ్లికూతురు, పెండ్లికొడుకు, ముహూర్తం, విందు అన్నీ వచ్చాయి, చుట్టాలు ఒక్కరూ రాలేదు. కార్డు చూసిన నస్పూర్ పెద్దమనిషి, “గిట్లనే కొట్టుండ్రి సారూ, అలిగేటోళ్లే ఉండరు” అన్నాడు. వదిన ఆ మాట తలచుకుని నెల రోజులు నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ప్రెస్సులో లేదు. మిషన్ల చప్పుడు ఎంత ఉన్నా నాకు ఆ లోటే వినిపిస్తుంది.

మొన్నటి తప్పు కూడా ఆ పొడుగు చిరునామా వరుసదే. నేను అన్నీ కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడి చుట్టాలను దిద్దుతున్నాను. స్టైల్‌షీట్ మాత్రం నన్ను లెక్కచేయకుండా నేరుగా ఆసిఫాబాద్ పోయి, పాత ఫైలు తెచ్చుకుంటోంది. అక్కడ వదిన బతికే ఉంది.

విషయం చెప్పి ప్రూఫ్ అన్న చేతిలో పెట్టాను. ఆ పేరు మీద బొటనవేలు ఆనించాడు. “ఒక్క కార్డు గిట్లనే తీయి తమ్మీ” అన్నాడు. “మిగిలినయి లోకం చూసేటివి. అయి సరిచెయ్యి.”

ఒక్కటి తీసి ఇచ్చాను. తర్వాత ఆ పొడుగు చిరునామా కొట్టేసి కొత్తది రాశాను. వదిన రాసిన స్టైల్‌షీట్‌లో నేను దిద్దింది ఆ ఒక్క వరుసే. పాత ఫైలును ముట్టుకోలేదు. మూడేళ్లు గడిచాయని ఊరందరికీ తెలుసు. ఆసిఫాబాద్ ఫోల్డర్‌కు మాత్రం ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను.