పాతర మీద మంచం

బీదరు దగ్గరి కమఠాణలో ఖండప్ప పిల్లికి కూడా బిచ్చం పెట్టడని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. అయితే ఆయన పుట్టుకతోనే అట్లాంటివాడంటే మాత్రం నేను ఒప్పుకోను. రాష్ట్రాన్ని ఇంకా మైసూరు అంటున్న రోజుల్లో ఆ మహానుభావుడే పాతరలో జొన్నలన్నీ అమ్మి బీదరు బజారులో కొత్త సైకిల్ కొన్నాడు. హ్యాండిలుకు రంగు కుచ్చులు కట్టించి, భార్య కాశీబాయిని వెనక కూర్చోబెట్టుకుని జాతరకు పోయాడు. అడిగినవాళ్ళతో "వచ్చే ఏడు మల్ల నింపుకుంటం తియ్" అన్నాడు.

వచ్చే ఏడు వాన సరిగా పడలేదు. ఆపై ఏడు అసలే పడలేదు. కాశీబాయి కరువు పనికి పోయి రోడ్డు కోసం రాళ్ళు కొట్టింది. ఖండప్ప ఆ సైకిలే ఇచ్చి ఒక సంచెడు జొన్నలు తెచ్చుకున్నాడు. కుచ్చులతో సహా ఇచ్చేశాడు పాపం.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడే వానలు కూడా మళ్ళీ ముఖం చూపించాయి. రెండేళ్ళ పంటనంతా ఖండప్ప ఒకేసారి పాతరలో పోశాడు. పాతరంటే వాకిట్లో గట్టి మొరం నేలను నిలువెత్తుకు మించి తవ్విన గొయ్యి. చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన కూడా గడ్డి కప్పి, మూతికి బండ పెట్టి, మట్టితో మెత్తేస్తారు. గాలి ఆడదు కాబట్టి పురుగు పట్టదు, ఏళ్ళకేళ్ళు నిలుస్తుంది. దానికి ఒకటే కట్టుబాటు. తెరిస్తే మొత్తం తీసేయాలి. కొంచెం తీసుకుని మూద్దామంటే కుదరదు, గాలి తగిలిన గింజ పుచ్చిపోతుంది. అందుకే కరువొస్తేనో, అంతా అమ్మేటప్పుడో తప్ప దాని జోలికి ఎవరూ పోరు.

ఖండప్ప ఆ బండ మీద మంచం వేసుకున్నాడు. ఎండైనా వానైనా అక్కడే పడక. వాన పడితే గోనెసంచి కప్పుకునేవాడు. తరువాతి పంటలు అమ్మి పైసలు దాచేవాడు. ఇంట్లోకి రోజుకు మూడు రొట్టెల పిండి తానే కొలిచి ఇచ్చేవాడు. కాశీబాయి ఆయనకు రెండు పెట్టి తాను ఒకటి తినేది. కూతురు పురిటికి వస్తే రేషన్ గోధుమలు తెచ్చాడు గానీ బండ కదపలేదు. తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు, ఏం మనిషో!

ఇట్లా ఉండగా ఇంట్లోకి ఒకనాడు కిరసనాయిల్ స్టవ్వు వచ్చింది.

"ఏడిదే గిది?" అని అడిగాడు ఖండప్ప.

"కొన్న. పొయ్యి ఊది ఊది కండ్లు పోతున్నయి" అంది కాశీబాయి.

"పైసలేడియి?"

"బీదర్ల ఇండ్లు కడుతున్రు. కూలికి పోతున్న గద."

నిజమే, ఏడాదిగా ఆమె ఊళ్ళోవాళ్ళతో కలిసి పొద్దుటి బస్సుకు బీదరు పోతోంది. ఆ కూలిలో కొంత ఖండప్ప చేతిలో పెడుతోంది కూడా. అందుకే ఆయన నోరు మూసుకున్నాడు. కానీ స్టవ్వు వెనక గాజు గ్లాసులు వచ్చాయి. గ్లాసుల వెనక స్టీలు పళ్ళాలు వచ్చాయి. ఆఖరికి కరెంటు బల్బు కూడా వచ్చింది. ఆ బల్బును చూస్తే ఖండప్పకు గుండె దడ. మనం పడుకున్నా మీటరులో చక్రం తిరుగుతూనే ఉంటుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి రోజూ అన్నం తినగానే బల్బు ఊడదీసి దిండు కింద పెట్టుకునేవాడు.

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? ఇటుకలు మోసే మనిషి చీరకు మట్టి అంటాలి గదా, ఈమె చీరకు పసుపు మరకలేమిటి? దగ్గరికి వస్తే పోపు వాసనేమిటి? ఎండిపోయి కట్టెలా ఉండే మనిషి బుగ్గలు నిండుతున్నాయి. ఇక మాపటికి తన రొట్టె కూడా తెచ్చి ఆయన పళ్ళెంలోనే వేస్తోంది.

"నాకు ఆకలైతలేదు, నువ్వే తిను" అంటోంది.

తిండి లేనిదే ఒళ్ళు ఎట్లా వస్తుంది? ఎక్కడో వండుకుని తింటోంది. ఏం వండుకుంటోంది? ఇంకేం వండుకుంటుంది, పాతరలో జొన్నలే! తాను పొలం పోయినప్పుడు తీసి, పక్కింటి దుర్గప్ప ఇంట్లో దాచి, బీదరులో అమ్ముతోంది. ఇట్లా లెక్క తేల్చుకున్నాడు ఖండప్ప. ఒకనాడు ఆమె మూట విప్పి చూస్తే ఖాళీ టిఫిను డబ్బా తప్ప ఏమీ లేదు. దొరకలేదంటే ఎంత తెలివిగా చేస్తోందో అని అనుమానం ఇంకా పెరిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. బండ చుట్టూ మెత్తిన మట్టి చెక్కు చెదరలేదు, కానీ మట్టి మళ్ళీ మెత్తడం ఎంతసేపు?

చూద్దామంటే పాతర తెరవాలి. తెరిస్తే పాతర పోయినట్టే. తెరవకపోతే ముప్పై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం దొంగో దొరో తెలియదు. ఆర్నెల్లు నలిగాడు. ఆ ఆర్నెల్లూ ఆమెతో సరిగా మాట్లాడలేదు, ఆమె ముఖంలోకి సరిగా చూడలేదు.

చివరికి ఒక పొద్దున ఆమె బస్సెక్కగానే మంచం ఎత్తి పక్కన పడేసి, దాచినవాడి ఎదుటే తేల్చాలని దుర్గప్పనే పిలిచాడు. ఇద్దరూ గడ్డపారలతో బండ లేపారు. పులిసిన వాసన గుప్పున కొట్టింది. ఖండప్ప దిగబోతే దుర్గప్ప రెక్క పట్టి లాగాడు.

"పానం మీద తీపి లేదానే అన్నా? ముందుగాల కందిలి దింపు."

తాడు కట్టి కందిలి దింపితే దీపం టక్కున ఆరిపోయింది. లోపల ఉన్నది చెడ్డ గాలి, దిగినవాడు మళ్ళీ ఎక్కడు. మధ్యాహ్నం దాకా కాచుకున్నారు. మళ్ళీ దింపితే దీపం నిలిచింది. అప్పుడు దుర్గప్ప దిగాడు.

"పోసింది పోసినట్టే ఉన్నదే అన్నా! పైన పరిచిన గడ్డి గూడ కదల్లే!" అని కేకేశాడు.

"అడుగున జూడు! పక్కకెల్లి బొక్క గిట్ల కొట్టిన్రేమో!" అన్నాడు ఖండప్ప.

"నీ అనుమానం పాడుగాను!" అని తిట్టాడు దుర్గప్ప.

సంచులకెత్తి వాకిట్లో పేర్చారు. పోసినవి ఇరవై సంచులు, వచ్చినవీ ఇరవై. ఖండప్పకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎగరలేదు. గింజ పోలేదు సరే, మరి ఆ బుగ్గలు ఎక్కడివి? అంతకన్నా చెడ్డ అనుమానమొకటి మొదలైంది, అదేమిటో తనకు తానే చెప్పుకోలేకపోయాడు.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన కాశీబాయి వాకిట్లో సంచులు చూసి ఆగిపోయింది. పక్కకు పడేసిన మంచాన్నీ, నోరు తెరుచుకున్న పాతరనూ చూసింది. అంతా అర్థమైంది ఆమెకు.

"నేను దొంగదాన్ననుకున్నవా?" అంది.

ఖండప్ప ఎదురడిగాడు. "నిజం చెప్పు. బీదర్ల ఏం చేస్తున్నవే?"

"పిల్లల హాస్టల్ల వంట చేస్తున్న. రెండేండ్లాయె."

"వంటనా? ఇంట్ల ఇరవై సంచులు పెట్టుకొని పరాయోళ్ళకు వంట చేస్తవా? మనకేం తక్వనే?"

"ఆడ కడుపు నిండ బువ్వ పెడుతరు" అంది కాశీబాయి.

కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. దుర్గప్ప తల దించుకుని మెల్లగా తన ఇంటికి పోయాడు. ఖండప్పకు నిలబడ్డచోటే సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. అయినా ఊరుకోలేక అడిగాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఆ బువ్వ గూడ కొలుస్తవని" అంటూ ఆమె సంచుల పక్కన కూర్చుంది. "కరువుల ఒక్క రొట్టె ఉంటే సగం విరిచి నాకు పెడుతుంటివి. నేను తినకుంటే నువ్వు ముట్టకపోతుంటివి. పాతర నిండినంక ఆ మనిషి ఏడ వోయిండో నాకు తెల్వది." ఆ మాట అంటూ మాత్రం ఏడ్చింది.

"ఇగ పోకు కాశీ. గివన్నీ నీయే. ఇంట్లనే తిను" అన్నాడు ఖండప్ప. తానే పిండి తీశాడు. కొలవకుండా తీశాడు. ఆమె రొట్టెలు చేసి ఆయనకు వడ్డించింది గానీ తాను తినలేదు. హాస్టల్లో తినే వచ్చానంది. అది నిజమో కాదో ఖండప్పకు తెలియలేదు, అడిగే ముఖమూ లేదు.

మరునాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే డబ్బా మూట కట్టుకుని బయలుదేరింది. ఖండప్ప వెనకే బస్సు దాకా పోయాడు. ఆపాలని ఉంది, ఆపే హక్కు ఉన్నదా అని భయంగానూ ఉంది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది.

"మాపటికి వస్తవు గదనే?" అన్నాడు.

కాశీబాయి తిరిగి చూసింది. ఏదో అంది కూడా, కానీ బస్సు చప్పుడులో ఆయనకు వినబడలేదు. బస్సు కదిలిపోయింది. ఇంటి వాకిట్లో ఇరవై సంచుల జొన్నలు కావలి లేకుండా పడి ఉన్నాయి. ఖండప్ప ఇంటికి పోలేదు. సాయంత్రం బస్సు వచ్చేదాకా అక్కడే రోడ్డు పక్కన కూర్చున్నాడు.