బడిలోనే ఉండిపోయిన చుక్క

మా ఆయనకు పక్షవాతం వచ్చిన అయిదో నెలలో నేను నా ఫోన్ తాళం పగలగొట్టించాను. కంపెనీవాడు లోపల వేసి ఉంచిన తాళం. ఐఫోన్ అయితే దాన్ని జైల్‌బ్రేక్ అంటారట, నాలాంటి వాళ్ల ఫోన్లకు రూట్ చేయడం అంటారట. పేరు ఏదైనా జరిగేది ఒకటే. ఫోన్, కంపెనీ మాట వినడం మానేసి మన మాట వినడం మొదలుపెడుతుంది. ఇంట్లోనో బడిలోనో నా మాట వినేది ఒక్కటైనా ఉంటుంది లెమ్మని అప్పట్లో నాకు నేనే నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

మాది మాచర్ల. నేను రెంటచింతల అవతల ఒక పల్లెలో ప్రాథమిక బడి టీచరును. అయిదు తరగతులకు ఇద్దరమే, నేనూ హెడ్‌మాస్టరు గారూ. మా ఆయన సొంత లారీ తానే నడిపేవాడు. ఇరవై రెండేళ్లు సున్నపురాయి తోలాడు. పల్నాడులో ఏ రోడ్డుకు ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపులో బర్రెలు అడ్డం వస్తాయో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అలాంటి మనిషికి ఒక పొద్దున కుడి చెయ్యీ కుడి కాలూ రాకుండా పోయాయి. మాట కూడా ముద్ద అయింది. లారీ అమ్మేశాం.

నరసరావుపేటలో చూపించినప్పుడు డాక్టరు ప్రతిసారీ ఆయన్ని చిన్నపిల్లాడిని అడిగినట్టు అడిగేవాడు. ఇవాళ ఏ వారం, ఇప్పుడు నువ్వు ఏ ఊళ్లో ఉన్నావు, ఈమె ఎవరు అని. మూడోదానికి మా ఆయన తడుముకోకుండా "టీచరమ్మ" అనేవాడు. డాక్టరు నవ్వి, "తల బాగానే ఉందమ్మా. ఎప్పుడైనా మనుషుల్నీ చోట్లనీ కలగాపులగం చేసి మాట్లాడితే మాత్రం వెంటనే తీసుకురండి" అన్నాడు. చెయ్యి, కాలు సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు. రోజూ పొద్దున ఒక గంట వ్యాయామం చేయించాలి. మొదటి ఆరేడు నెలల్లో ఎంత కదిలితే అంత. తర్వాత కదలమన్నా కదలదు.

ఆ మాట నా గుండెల్లో దిగబడిపోయింది. పొద్దున ఆరుకు మాత్రల మత్తు వదిలేది. ఆరు నుంచి ఏడు దాకా కాలు వంచడం, చాచడం, పిడికిట్లో బంతి పెట్టి నొక్కించడం. ఏడు తర్వాత పక్కింటి అక్క నీళ్లు పట్టుకోవడం అయిపోయి వచ్చి కూర్చునేది. అప్పుడు నేను బస్సుకు పరిగెత్తేదాన్ని. బడి తొమ్మిదికి కాబట్టి ఎలాగో నడిచిపోయింది.

ఆయనకు పగలంతా తోచేది కాదు. టీవీ చూస్తే తలనొప్పి. ఒకరోజు నేను ఎక్కడున్నానో ఆయన ఫోన్లో మ్యాపు మీద కనపడేట్టు పెట్టి వెళ్లాను. నా పేరుతో ఒక నీలం చుక్క. అది మాచర్ల బస్టాండు నుంచి కదిలి రోడ్డు వెంట పాకుతూ ఉంటే మా ఆయన మంచం మీద పడుకుని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని చూస్తూ ఉండేవాడు. మొదటిరోజే బస్సు రైలు గేటు దగ్గర ఆగగానే ఫోన్ చేశాడు.

"గేటు... పడిందా?"

"పడింది."

"గూడ్సా?"

"ఏమో, ఇంకా రాలా."

"డ్రైవరు... ఇంజను ఆపాడా, ఆపలా?"

ఆపలేదు అన్నాను. ఆ డ్రైవరును ఒక బూతు తిట్టాడు. నాలుగు నెలల్లో ఆయన నోటివెంట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. ఆ రోజు నుంచి గేటు దగ్గర ఫోన్ తప్పనిసరి. చుక్క ఎక్కువసేపు ఆగితే ఏం జరిగిందో చెప్పాలి. ఆటో దారి మారితే ఎందుకు మారిందో చెప్పాలి. నా ప్రయాణం ఆయనే నడిపినట్టు ఉండేది. పక్కన కూర్చున్నవాళ్లు నన్ను విచిత్రంగా చూసేవాళ్లు, చూడనీ అనుకున్నాను.

మార్చిలో ఒంటిపూట బడులు వచ్చాయి. పావు తక్కువ ఎనిమిదికల్లా బడిలో ఉండాలి. ఉండడమే కాదు, బడి ఆవరణలో నిలబడి హాజరు యాప్‌లో మొహం చూపించాలి. ఫోన్ మనం ఎక్కడున్నామో చూసి, బడిలో ఉంటేనే ఒప్పుకుంటుంది. ఇంటి దగ్గర ఏడూ పది బస్సు ఎక్కితే రెంటచింతలలో దిగేసరికి ఏడూ ముప్పావు అవుతుంది. అక్కడి నుంచి ఆటో. ఆ రోజుల్లో మిరప కోతలు. తెల్లవారినప్పటి నుంచీ ఆటోలన్నీ కూలీలతో నిండిపోయి, డ్రైవరు పక్కన కూడా ఇద్దరు వేలాడుతూ పోతుంటాయి. టీచరమ్మకు చోటిస్తే ఒక కూలీ దిగాలి, వాళ్ల కూలి పోతుంది. నేను ఏ మొహంతో దిగమంటాను? బడికి చేరేసరికి ఎనిమిదీ పది.

మూడు ఆలస్యాలకు ఒక సెలవు కట్. నా సెలవులన్నీ ఆసుపత్రి వరండాల్లోనే అయిపోయాయి. ముందు బస్సుకు వెళ్దామంటే ఆ గంట వ్యాయామం పోతుంది. మధ్యాహ్నం వచ్చి చేయిద్దామంటే మా రేకుల ఇంట్లో ఆ ఎండకు మంచం పట్టెలు కూడా కాలుతుంటాయి. రెండు రోజులు చేయించి చూశాను. కళ్లు తేలవేశాడు. ఎవర్ని తిట్టాలో తెలియక గిన్నెలు విసిరేసేదాన్ని.

మండలం మీటింగులో ఒక టీచరు చెవిలో చెప్పింది, ఫోన్ తాళం తీయిస్తే అది ఎక్కడున్నా బడిలో ఉన్నట్టే చెబుతుందని. మాచర్ల బజారులో ఒకప్పుడు బట్టల కొట్టు ఉన్న శెట్టిగారి ఇల్లు ఇప్పుడు ఫోన్ల షాపు. శెట్టిగారు గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు, ఇంజనీరింగ్ చదివిన కోడలు లోపల బల్ల దగ్గర ఫోన్లు విప్పుతుంటుంది. నేను వెళ్లి, ఫోన్ స్లో అయింది, రూట్ చేస్తే బాగుంటుందంట కదా అన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, "లొకేషన్ కోసమా టీచర్ గారూ?" అంది. నా మొహం వేడెక్కింది.

ఆమె మాత్రం నన్ను తప్పు పట్టలేదు. మంచీ చెడూ విడమరిచి చెప్పింది. "లాభం ఉంది మేడం. కంపెనీ అంటగట్టిన చెత్త యాప్‌లన్నీ పీకెయ్యొచ్చు. పాత ఫోను ఇంకో రెండేళ్లు నడుస్తది. మీరు ఎట్టా చెప్తే అట్టా ఉంటది. కాకపోతే గ్యారంటీ పోద్ది. మధ్యలో కరెంటు పోయినట్టు ఏదన్నా అయితే ఫోను రాయి అయిద్ది. డబ్బులు పంపే యాప్‌లు ఒప్పుకోకపోవచ్చు. తాళం మనకోసం తీస్తే అది అందరికీ తీసినట్టే, ఎవడన్నా లోపలికి దూరొచ్చు. ఆఫీసోళ్లకు తెలిస్తే మీ ఇష్టం."

శెట్టిగారు అప్పటిదాకా పేపరు చదువుతున్నాడు. "అమ్మా, నేను షట్టరు దించేది దొంగ కోసం ఒక్కటే కాదు. నాకు నిద్ర పట్టటానిక్కూడా" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. నిద్ర గురించి నాకు ఈయన చెప్పడం ఏమిటి అనుకున్నాను. బల్ల మీద ఫోన్ పెట్టి, ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. డబ్బులు పంపే యాప్ పోతే చేతి డబ్బు ఇస్తాను. ఫోన్ రాయి అయితే ఇంకోటి. దొంగలు దూరితే నా ఫోన్లో ఉన్నది మందుల చీటీల ఫొటోలు. ఆఫీసుకు తెలిస్తే సస్పెన్షన్, అది భయమే. పిల్లలకు చూచిరాత వద్దని చెప్పే నోటితో నేనే ఈ పని చేయడం, అదీ మనసులో గుచ్చుకుంది. ఇటువైపు ఒక్కటే ఉంది. ఆ గంట. ఆయన కుడి కాలు. నేను "కానియ్ అమ్మా" అన్నాను. లెక్కలో ఒకటి రాసుకోలేదని అప్పుడు నాకు తెలియదు.

రెండు వారాలు హాయిగా గడిచాయి. అబద్ధం ఎందుకు, నిజంగానే హాయి. బస్సులో ఉండగానే యాప్‌కు మొహం చూపించేదాన్ని. ఆటోలో కూలీల మధ్య ఇరుక్కుని కూర్చుంటే ఒళ్లంతా మిరప ఘాటు, తుమ్ములు, అయినా గుండె దడ లేదు. మధ్యాహ్నం బడి వదిలాక కూడా యాప్‌కు మొహం చూపించాలి గనక ఆ ఏర్పాటును ఆపేదాన్ని కాదు. ఆపితే మళ్లీ పెట్టడం వస్తుందో రాదో అని భయం. బడికి వెళ్లేసరికి హెడ్‌మాస్టరు గారు నా తరగతిని కూడా తన పక్కన కూర్చోబెట్టుకుని ఉండేవారు. ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఆయన ఫోన్ చేయడం మానేశాడు. రెండో రోజో మూడో రోజో గమనించాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ఒక పని తగ్గిందనిపించింది. గేటు దగ్గర కళ్లు మూసుకునేదాన్ని. ఇంట్లో కూడా మాట తగ్గించాడు. వ్యాయామం చేయిస్తుంటే బంతి నొక్కకుండా నా మొహం వైపే చూసేవాడు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని గాజులు తడిమి చూశాడు. "ఏంది?" అన్నాను. ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఎక్కువ ఇచ్చాను.

ఒక మధ్యాహ్నం ఇంటికి రాగానే పక్కింటి అక్క గుమ్మంలోనే ఆపింది. "మరిది ఫోను ముట్టుకోవట్లేదమ్మా. బోర్లా పెట్టి గోడకేసి చూస్తన్నాడు. నేను ఇస్తే తోసేస్తన్నాడు. ఏందో నువ్వే కనుక్కో."

నేను పక్కన కూర్చుని రెండు మూడుసార్లు అడిగాను. ఆఖరికి ఎడమ చేత్తో దిండు కింది నుంచి ఫోన్ తీసి మ్యాపు చూపించాడు. నీలం చుక్క బడిలో ఉంది. నేను ఆయన పక్కన, మంచం మీద ఉన్నాను.

"పొద్దున... నువ్వు జావ కాస్తా ఉంటే... ఇది బడిలో. రాత్రి పడుకుంటే... అక్కడే. ఆదివారం కూడా... బడిలోనే."

"అయితే నన్ను అడగొచ్చు గదా?"

చెప్పడానికి ఆయనకు చాలా టైము పట్టింది. "నా తలే... పోయిందనుకున్నా. డాక్టరు చెప్పాడుగా. చోట్లు కలిసిపోతాయని. నువ్వు ఇక్కడ ఉన్నావో... లేవో... నాకు తెలవట్లా. చెప్తే... నువ్వు ఉద్యోగం మానేస్తావని..."

పది పన్నెండు రోజులు ఆ మనిషి, ఎదురుగా తిరుగుతున్న నేను నిజమో కాదో తేల్చుకోలేక, ఒక్కడే ఆ భయం మోశాడు. గాజులు తడిమింది అందుకు. ఇరవై రెండేళ్లు దారి తప్పని మనిషిని, కదలని కాలు కోసమని నేను మంచం మీదే దారి తప్పించాను. నాకు నా మీద వచ్చిన అసహ్యం అంతా ఇంతా కాదు.

అంతా చెప్పాను. యాప్ సంగతి, శెట్టిగారి షాపు, తాళం, అన్నీ. "నీ తల బాగానే ఉంది. అబద్ధం చెప్పింది ఫోను. చెప్పించింది నేను" అన్నాను. ఆయన నన్ను చూసి, "ఇయ్యాల ఏ వారం?" అన్నాడు.

"గురువారం."

"నేనూ... గురువారమే అనుకున్నా" అన్నాడు.

మర్నాడు శెట్టిగారి కోడలు ఫోన్‌లో ఉన్నదంతా తుడిచి, మళ్లీ కంపెనీ తాళం వేసి ఇచ్చింది. మందుల చీటీల ఫొటోలు పోయాయి. హెడ్‌మాస్టరు గారికి నేనే చెప్పాను, ఇకనుంచి ఎప్పుడు వస్తే అప్పుడే పడుతుంది సార్ అని. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పడనీయండమ్మా. నేనూ ఇన్నాళ్లూ మీ కోసమే ప్రేయరు నెమ్మదిగా చేయిస్తున్నా" అన్నారు. వేసవి సెలవులకు ఇంకా నాలుగు వారాలు. ఎన్ని ఆలస్యాలు పడితే అన్ని పడతాయి, జీతం ఎంత కోస్తే అంత కోస్తారు, ఆ గంట మాత్రం వదలను అనుకున్నాను. ఇక ఆలోచించే ఓపిక కూడా లేదు.

చుక్క మళ్లీ కదిలింది. సోమవారం బస్సు గేటు దగ్గర ఆగింది. ఫోన్ మోగింది.

"యాడున్నావే?"

"గేటు కాడ. మ్యాపులో కనపడట్లా?"

"కనపడతంది." అన్నాడు. "నిజంగా... గేటు కాడేనా?"

కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి ఫోన్ పట్టుకున్నాను. ఎండ అప్పటికే చేతిని కాలుస్తోంది. బండి కూత వేసుకుంటూ వచ్చి, పెట్టె తర్వాత పెట్టె అంతా పోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. గేటు లేచాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఊఁ. పో ఇక" అన్నాడు.

ఆ రోజు ఎనిమిదీ పన్నెండుకు హాజరు పడింది. ఇప్పటికీ రోజూ గేటు దగ్గర ఫోన్ మోగుతుంది. చుక్క ఎక్కడుందో ఆయనకు కనపడుతూనే ఉంటుంది. అయినా బండి కూత వినపడేదాకా పెట్టేయడు.