ఎండుమట్టలు లేని తోట

రంపం కింద ఎండు ఖర్జూర మట్ట తెగుతుంటే ఒక పొడి వాసన లేస్తుంది. ఈ ఉదయం దోహాలో, అల్ హిలాల్‌లోని మా అపార్ట్‌మెంట్ ముందున్న చెట్టు నుంచి ఆ వాసన రాగానే టీ కప్పు పక్కన పెట్టేశాను. అది తగిలితే నాకు శారద మేడం గుర్తొస్తారు, వెంటనే సిగ్గేస్తుంది.

మేడంది రాజమండ్రి. తోటల పనులు చేసే మా కంపెనీలో ఇంజనీరు. జగిత్యాల నుంచి వచ్చిన నన్ను సూపర్‌వైజర్‌ని చేసింది ఆవిడే. చమురు డబ్బు పొంగి, దోహా నాలుగు వైపులా పెరుగుతున్న రోజులవి. ఊరి బయట ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు ముసలాయన ఖర్జూర తోటలోంచి రోడ్డు పడింది. చెట్లు పోతే పోనీ, గబ్బిలాలు మాత్రం పోకూడదన్నాడాయన. పొద్దు వాలితే అవి చెట్లలోంచి లేచి దోమల వెంట పడేవి. వాటిని చూస్తూ కాఫీ తాగడం ఆయనకు అలవాటు. గబ్బిలం ఇంటికి మంచిది కాదని మా కూలీలు గొణిగినా, మేడం మాట ఇచ్చారు. బుల్డోజరు వద్దన్నారు. అడ్డమొచ్చిన చెట్టునే, తాళ్ళు కట్టి, పక్కదానికి తగలకుండా దించాం. "కొట్టేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి రావయ్యా, పైన ఎవరున్నారో చూడు" అనేవారు.

పని అయింది. కంపెనీ పెద్దలు చూడ్డానికి వస్తున్నారని, మిగిలిన చెట్ల ఎండుమట్టలన్నీ మేడమే కొట్టించారు. "చింపిరి జుట్టుతో నిలబెడితే ఏం బాగుంటుంది?" అన్నారు. మాకూ నిజమే అనిపించింది.

పెద్దలు వచ్చి మా జాగ్రత్తను తెగ పొగిడారు. పొద్దు వాలింది. ముసలాయన ఆకాశం వైపే చూస్తూ, "చమ్గాదడ్ కిధర్?" అన్నాడు. గబ్బిలాలు ఎక్కడని. మేడం నున్నటి చెట్లను, మూలన పోసిన మట్టల గుట్టను చూశారు. గబ్బిలాలు ఉండేది ఆ ఎండుమట్టల మాటునే. నాకూ అప్పుడే తెలిసింది. ఆవిడ ముందుకు కదులుతుంటే అడ్డం పోయాను.

"గిప్పుడెందుకు చెప్పుడు మేడం? పెద్దసార్లను పోనియ్యుండ్రి."

"మాట ఇచ్చింది నేను కదయ్యా" అన్నారు.

చెట్లు ఉంచి గబ్బిలాల ఇళ్ళు పీకేశామని, చేయించింది తానేనని, వచ్చీరాని హిందీలో అందరి ముందే చెప్పారు. ముసలాయన "మాఫీ చమ్గాదడ్" అన్నాడు, సగం అరబ్బీలో, ఇక లేవని. కాఫీ కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పాలంటే, అప్పుడు నేను సిగ్గుపడింది మేడం గురించే. పొగుడుతుంటే ఊరుకోక ఈవిడకెందుకీ గొడవ అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

ఆ తర్వాత మేడం శుక్రవారం సాయంత్రాలు ఆ తోటకు వెళ్ళి కూర్చునేవారు. ఒక్క గబ్బిలమూ రాలేదు. మట్టలు మళ్ళీ ఎండి వేలాడకముందే ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది.

ఇవాళ కిందికి దిగి, చెట్టెక్కిన సత్తన్నను ఆపాను. ఆయనా మా కంపెనీయే, ఇప్పుడు నా కిందే చేస్తాడు.

"ఎండు మట్టలు ఉండనియ్యి, సత్తన్నా."

"ఎందుకు సార్? చూడ మంచిగ లేవు."

కథంతా చెప్పాను. నేను అడ్డం పోయిన ముక్క మాత్రం మింగేశాను.

"పెద్దమనిషి సార్ మీ మేడం" అన్నాడు. "మీరు గూడ ఆమె పక్కకే నిలబడ్డరు."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆయన చెట్టు దిగేదాకా ఆగి, ఆ ముక్క కూడా చెప్పాను. సత్తన్న నా ముఖం చూసి, రంపం సంచిలో పెట్టుకున్నాడు.