కింద ఉండి చెప్పే మనిషి

తమిళనాడు అంచున, మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న మా బేరిగైలో ఏ ఇల్లు ఏ భాష వింటుందో తెలుసుకోవడానికి తలుపు తట్టాల్సిన పని ఉండేది కాదు. తలెత్తి యాంటెనా చూస్తే చాలు. పడమరకు తిరిగి ఉంటే బెంగళూరు, కన్నడ సినిమా. దక్షిణానికి తిరిగి ఉంటే కృష్ణగిరి వైపు నుంచి వచ్చే అరవం. తూర్పుకు తిరిగి ఉంటే సరిహద్దు అవతలి టవరు, తెలుగు వార్తలు. ఇంటికి కొత్త కోడలు వస్తే ముందు మారేది యాంటెనా దిక్కే. తొంభైల్లో ఈ దిక్కులన్నీ వరదప్ప చేతిలో ఉండేవి.

వరదప్ప మొదట బోరు మోటార్లు విప్పి బిగించేవాడు. టీవీలు రాగానే యాంటెనాలకు మారాడు. పైపు కొనడానికి హోసూరు పోయేవాడు, కడ్డీలు తానే కోసేవాడు, మిద్దె ఎక్కడానికి నిచ్చెన అడిగేవాడు కాదు. మనిషి మంచివాడే కానీ ఒక పెద్ద లోపం ఉండేది. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకు లొంగిపోతాడు. ఇంట్లోవాళ్ళు మెల్లగా అడుగుతారు కాబట్టి వాళ్ళ వంతు ఎప్పుడూ చివరిదే.

ఈ పని ఒక్కడితో అయ్యేది కాదు. పైన ఉండి తిప్పేవాడు ఒకడు, కింద టీవీ ముందు కూర్చుని చెప్పే మనిషి ఒకరు కావాలి. ఇంటివాళ్ళను నమ్ముకుంటే పని చెడేది. పొయ్యి మీద ఏదో మాడుతోందని "బాగుంది, దిగప్పా" అనేస్తారు, మర్నాడు వచ్చి బొమ్మ సరిగా లేదని తిడతారు. అందుకని వరదప్ప తన భార్య మునిలక్ష్మమ్మను వెంట తీసుకుపోయేవాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని పైకి కేకలు వేసేది. చుక్కలు పడితే చీమలనేది. బొమ్మ పక్కన ఇంకో బొమ్మ కనిపిస్తే దయ్యమనేది. వార్తలు చదివే అమ్మ ముక్కుపుడక స్పష్టంగా కనిపిస్తేనే భర్తను దిగనిచ్చేది. మునిలక్ష్మమ్మ ముక్కుపుడక చూసిందంటే ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫిర్యాదు రాదు.

అలాంటి మనిషి తొంభై ఎనిమిదిలో వరదప్పతో మాట్లాడడం మానేసింది. తప్పు పూర్తిగా వరదప్పదే.

ఆమె పుట్టిల్లు ఆంధ్రా పక్క పల్లె. తమ్ముడు చక్రి అక్కడ చెక్కభజన ఆడతాడు. వాళ్ళ బృందం ఆటను టీవీవాళ్ళు వచ్చి వీడియో తీసుకుపోయారు, ఆదివారం సాయంత్రం తెలుగులో వేస్తామన్నారు. మునిలక్ష్మమ్మ ఆ సంగతి వీధంతా చెప్పుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క యాంటెనా వరదప్ప కన్నడ సినిమాల కోసం పడమర చూస్తూ ఉండేది. ఆదివారం పొద్దున్నే తూర్పుకు తిప్పుతానని అతను మాటిచ్చాడు. శనివారం పిండిమిల్లు శ్రీరామప్ప వచ్చాడు. కూతురు మధుమితను చూసుకోవడానికి మర్నాడు పెళ్ళివారు వస్తున్నారట, వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో టీవీ ఆడాలట. చేతిలో పైపు లేదని వరదప్ప చెప్పి చూశాడు. శ్రీరామప్ప గొంతు పెంచాడు. వరదప్ప తన ఇంటి మీది యాంటెనానే విప్పి పట్టుకుపోయి అక్కడ బిగించి వచ్చాడు. భార్యకు చెప్పే ధైర్యం చాలక చెప్పలేదు.

ఆదివారం ఆమె టీవీ పెడితే చీమలు తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చి చూస్తే మిద్దె మీద పైపే లేదు. పక్కింటి తాయారమ్మ దగ్గరకు పరుగెత్తేసరికి భజన అయిపోయింది. నీ తమ్ముడు బాగా ఎగిరినాడమ్మా అని తాయారమ్మ చెప్పడం ఒక్కటే మిగిలింది. మునిలక్ష్మమ్మ ఇంటికి వచ్చి, ఇంక నీతో మాట్లాడేది లేదని ఒక్క మాట అంది. అని ఊరుకుంది.

ఊరుకోవడమంటే మామూలుగా కాదు. వేళకు సంగటి పెట్టేది, పులుసు పోసేది, పంచె ఉతికేది. నోరు మాత్రం విప్పేది కాదు. చెప్పక తప్పనివి ఉంటే పెరట్లో దూడకు చెప్పేది. చక్కెర అయిపోయింది, మీ అప్ప తెచ్చేదుంటే తెమ్మను అని దూడతో అంటే, వరదప్ప సంచి తీసుకుని బయల్దేరేవాడు. కాలేజీ వదిలేసి వచ్చి నేను ఎదురింట్లో ఖాళీగా కూర్చున్న రోజులవి. పగలంతా నాకు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది.

ఇంతలో తాయారమ్మ ఇంట్లో తెలుగు వార్తల కింద ఒక వరుస అక్షరాలు పరుగెత్తడం మొదలైంది. వారం రోజులు, ప్రతి సాయంత్రం. వీధంతా చూసింది, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎందుకంటే మేం మాట్లాడేది తెలుగే కానీ మా వీధిలో చాలామందిమి చదివింది అరవం బడిలో. తెలుగు బడికి పోయిన పెద్దలు ఉన్నారు కానీ వాళ్ళకు చూపు ఆనదు. పండగ శుభాకాంక్షలేమోనని ఒకరు, సబ్బు ప్రకటన అని ఒకరు సరిపెట్టుకున్నారు.

చదవగలిగింది మునిలక్ష్మమ్మ ఒక్కతే. ఆమె ఆంధ్రాలో ఐదో తరగతి చదివింది. శుక్రవారం నుంచి తూర్పు టవరు వేరే ఛానలు మీద వస్తుందని, టీవీలు కొత్తగా ట్యూన్ చేసుకోవాలని అక్కడ రాసి ఉంది. ఆమె అది మొత్తం చదివింది. ఇంటికి వచ్చింది. భర్తకు సంగటి పెట్టింది. దూడకైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

శుక్రవారం తెలుగు పోయింది. గాలికి యాంటెనా తిరిగిందనుకుని ప్రతివాడూ మిద్దె ఎక్కి తన పైపు తిప్పాడు. రాలేదు. ఇంకా తిప్పాడు. సాయంత్రానికి మా వీధిలో ఏ రెండు యాంటెనాలూ ఒక దిక్కు చూడడం లేదు. పశువులసంతలో కట్టు తెంచుకున్న ఎద్దుల్లా ఒక్కోటి ఒక్కో వైపు మొహం పెట్టి ఉన్నాయి.

అందరూ వరదప్ప మీద పడ్డారు. శ్రీరామప్ప అందరికంటే ముందు. ఈ చెత్త కడ్డీలు తగిలించిపోయినావు, కేబులువాడు హోసూరు నుంచి తీగ లాక్కొని వస్తా ఉన్నాడు, ఆదివారంలోపల బొమ్మ రాకపోతే వీధంతా కేబులే పెట్టించుకుంటాం అని నలుగురి ముందు తేల్చేశాడు. కేబులు వస్తే వరదప్పకు పని ఉండదు. అది అందరికీ తెలుసు, వరదప్పకు ఇంకా బాగా తెలుసు.

శనివారం అతను మిద్దె తర్వాత మిద్దె ఎక్కాడు. కింద నుంచి ఒకడు వచ్చిందంటాడు, అదే ఇంట్లో ఇంకొకరు పోయిందంటారు. తాయారమ్మ మిద్దె మీద నుంచి అలవాటు చొప్పున "ఎట్లుందిమే?" అని అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది, కింద ఆమె లేదని. పైపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

దిగి నేరుగా పిండిమిల్లుకు పోయాడు. నేనూ వెనకాలే పోయాను, చూడకుండా ఉండలేక. జీవితంలో మొదటిసారి వరదప్ప గొంతు పెంచాడు.

"చెత్త అంటివి కదప్పా. నా చెత్త నాకు ఇచ్చెయ్యి."

పెళ్ళివారు వచ్చి పోయారు, సంబంధం కుదిరింది, టీవీలో ఎట్లాగూ ఏమీ రావడం లేదు. శ్రీరామప్ప తీసుకుపోమన్నాడు.

వరదప్ప యాంటెనా భుజాన వేసుకుని వచ్చి తన మిద్దె మీద పైపు నిలబెట్టాడు. ఊరంతటికీ రాని బొమ్మ తన ఇంటికి వస్తుందని అతనికి ఆశ లేదు. అయినా బోల్టులు బిగించాడు, తీగ కిందికి వదిలాడు, తూర్పుకు తిప్పాడు. మునిలక్ష్మమ్మ దూడకు గడ్డి వేస్తూ ఇదంతా చూస్తోంది. అతను కొంచెం ఇటు తిప్పాడు, కొంచెం అటు తిప్పాడు. ఎట్లుందని అడగలేదు. మళ్ళీ తిప్పబోయాడు.

"యోవ్, తిప్పొద్దు. ముందు పెట్టినావే, ఆడే ఉండనీ."

వరదప్ప పైపు వదిలేశాడు. నేను గోడ పక్కకు జరిగాను.

"దిక్కు బాగానే ఉంది. వాళ్ళే ఛానలు మార్చినారు," అందామె.

"నీకెట్ల తెలుసు?"

"వారం పొద్దు తెర కింద రాస్తానే ఉన్నారు కదా."

"నాకు చెప్పొద్దా మే?"

"యాడ చెప్పేది? మాట్లాడేది లేదంటిని కదా."

వరదప్ప దీనికి కోప్పడాలి. ఊరంతా తిట్టింది, పొద్దున్నుంచి మిద్దెలెక్కి మోకాళ్ళు పోయాయి. కానీ అతను నవ్వు ఆపుకోలేక పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు.

ఆమె లోపలికి పోయి టీవీకి ఒక పక్కనున్న చిన్న మూత తీసి ఛానలు వెతికే చక్రం తిప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆమె చక్రం తిప్పేటప్పుడు అతను పైపు తిప్పకూడదు, అతను తిప్పేటప్పుడు ఆమె చెయ్యి తీసేయాలి. ఇద్దరూ ఒకేసారి తిప్పితే బొమ్మ ఎప్పటికీ దొరకదు. ముందు ఇద్దరూ అదే చేశారు, అలవాటు తప్పింది కదా. తర్వాత ఆమె గట్టిగా కసిరింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిప్పింది. చీమల మధ్య ఎవరో మనిషి కదిలాడు.

"వచ్చినాడు. దయ్యం మాత్రం ఉంది," అని కేక వేసింది.

పాత ఛానలుకు కడ్డీలు పొడుగు, కొత్తదానికి పొట్టివి కావాలని వరదప్పకు అప్పుడు వెలిగింది. రంపం తీసుకుని చివర్లు కొంచెం కోశాడు. దయ్యం పలచబడింది. ఇంకొంచెం కోశాడు. పైన వరదప్ప అడిగాడు, "ఎట్లుందిమే?"

జవాబు లేదు.

మళ్ళీ అడిగాడు. లేదు. పాపం మొహం మాడిపోయింది. మళ్ళీ మౌనవ్రతం పట్టిందేమోనని నాకూ అనుమానం వచ్చి కిటికీలోంచి చూశాను. ఆమె చాప మీద చతికిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వార్తలు చూస్తోంది. పైన మొగుడున్న సంగతే మరిచిపోయింది.

వరదప్ప ఉండబట్టలేక పైపును ఒక్క పిసరు కదిపాడు.

"ఎవురప్పా తిప్పింది? ముక్కుపుడక పాయ. మళ్ళీ పెట్టు."

మర్నాడు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఆదివారం పొద్దుగూకేసరికి వీధిలో తెలుగు చూసే ఇళ్ళ యాంటెనాలన్నీ మళ్ళీ తూర్పుకు తిరిగాయి. కేబులువాడు వచ్చి చూసి, ఇంకో వీధికి పోయాడు. రెండేళ్ళకు మళ్ళీ వచ్చి తీగ లాగాడనుకోండి, అది వేరే సంగతి. తర్వాత డిష్షులొచ్చాయి. వరదప్ప అవీ బిగించాడు. డిష్షుకు కింద మనిషి అక్కర్లేదు, సిగ్నలెంతో దాంతో వచ్చే సెట్‌టాప్ బాక్సే చెబుతుంది. అయినా మునిలక్ష్మమ్మ వెంట పోతుంది. తెర మీద అంకె నిండుగా ఉన్నా, వార్తలు పెట్టించి ముక్కుపుడక చూసేదాకా అతన్ని దిగనివ్వదు.

చక్రి భజన ఆ టీవీవాళ్ళు మళ్ళీ వేయలేదు. ఆ లోటు లోటే. మళ్ళీ ఇట్లాంటి తిప్పలు రాకుండా మునిలక్ష్మమ్మ మొగుడికి తెలుగు అక్షరాలు నేర్పింది. ఆ చాప చివర కూర్చుని నేనూ నేర్చుకున్నాను. నాకు తొందరగా వచ్చాయి. వరదప్పకు ఇప్పటికీ నిదానమే. తెర కింద అక్షరాలు పరుగెడుతుంటే సగం మాట కూడబలుక్కునేలోపు మిగతా సగం దాటిపోతుంది. అప్పుడు పక్కకు తిరిగి అడుగుతాడు. ఆమె చెబుతుంది, తిట్టి చెబుతుంది.