తెర మీద మా అమ్మ

మొవ్వ దగ్గర పొలాల మధ్య మేముండే పెంకుటింట్లో రెండేళ్ల క్రితం దెయ్యం సినిమా తీశారు. పట్నం నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగిన కుటుంబాన్ని ఒక ఆడదెయ్యం పీడించడం కథ. సినిమా అంటే ఉన్న సరదా కొద్దీ నాన్నే ఒప్పుకున్నారు. షూటింగ్ జరిగినన్నాళ్లూ వాళ్లకి మజ్జిగ కూడా పంపించారు.

సినిమా విడుదలయ్యాక నాన్నా నేనూ మచిలీపట్నం వెళ్లి మ్యాట్నీ చూశాం. మా వరండా తెర మీద కనబడగానే నాన్న మురిసిపోయారు. కాసేపటికి హీరోయిన్ టార్చి వేసి గోడ మీద దండ వేసిన ఫోటో చూసింది. అది క్యాన్సర్‌తో పోయిన మా అమ్మ ఫోటో. చూస్తుండగానే అందులో కళ్లు ఎర్రబడ్డాయి, నోట్లోంచి నెత్తురు కారింది. హాలంతా కేకలు, ఆ వెంటనే ఈలలు, నవ్వులు.

నాన్న నా చెయ్యి పట్టుకుని, "వెళ్దాం పదమ్మా" అన్నారు.

బయటికొచ్చి డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. "ఆ ఫేస్ బాగా సూటయిందండీ. అయినా ఆవిడెవరో జనానికేం తెలుస్తుంది?" అన్నాడు.

మా ఊళ్లో అందరికీ తెలుసు. నాట్లకొచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని అన్నం తినడం మానేశారు. వాళ్లలో కొందరికి పురుళ్లప్పుడు పథ్యం వండిపెట్టింది అమ్మే.

ఓ రోజు నాన్న ఆ ఫోటో తీసి బీరువాలో పెట్టేశారు. ఎందుకని అడిగితే, "వచ్చినవాళ్లు జడుసుకుంటున్నారమ్మా" అన్నారు.

ఆ సినిమా ఎన్నాళ్లో ఆడలేదు. మా అమ్మకి మాత్రం సొంతింట్లో గోడ మీద చోటు లేకుండా చేసి పోయింది.